గ్రాఫిక్స్ చిప్ పోయిందన్నారా? వేడి పెట్టించే ముందు ఇవి చూసుకోండి

అక్కా, మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీది పరకాల. ఇంట్లోనే కూర్చుని స్టూడియోల వాళ్లకు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తారు. ల్యాప్‌టాప్ 2020లో కొన్నారు. ప్రాసెసర్‌లో ఉండే ఇంటెల్ గ్రాఫిక్స్ కాక, విడిగా 4 జీబీ గ్రాఫిక్స్ చిప్ కూడా ఉంది. ర్యామ్ 8 జీబీ, విండోస్ 11. వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఈమధ్య ఫొటోషాప్ తెరిచిన కాసేపటికి స్క్రీన్ మీద రంగురంగుల చిన్న గళ్లు వస్తున్నాయి. ఒక్కోసారి స్క్రీన్ నల్లబడి మళ్లీ వస్తోంది, ఒక్కోసారి నీలం స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతోంది. ఒక షాపాయన ‘గ్రాఫిక్ చిప్ ఖరాబైంది, రీబాలింగ్ చేస్తా, నెల రోజులు గ్యారంటీ’ అన్నారు. రీబాలింగ్ అంటే చిప్ కింది టంకం గుండ్లు మార్చడం. ఇంకో షాపులో ‘హీట్ చేస్తే చాలు, గంటలో ఇస్తా’ అన్నారు. సర్వీస్ సెంటర్‌లో బోర్డు మొత్తం మార్చాలన్నారు, వాళ్లు చెప్పిన రేటు కొత్త ల్యాప్‌టాప్ ధరలో సగం దాటింది. మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడ్డాయి, ఏం చేయమంటారు అని అడిగారు.

హన్మకొండలో చాలా ఏళ్లుగా చిప్ లెవల్ పనిలో, అంటే బోర్డు మీది చిప్‌లు, చిన్న భాగాలు బాగుచేసే పనిలో, ఉన్నాను కాబట్టి సూటిగా చెప్తాను. హీట్ మాత్రం చేయించకండి. రీబాలింగ్‌కు కూడా ఇప్పుడే ఒప్పుకోకండి. మీ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ రెండు ఉన్నాయి. మీరు చేసే పనికి ఆ రెండోది తప్పనిసరి కాదు. చెడిపోయింది అదేనని తేలితే దాన్ని ఆపేసి, పైసా ఖర్చు లేకుండా ఈ సీజన్ గడిపేయొచ్చు. ఎలాగో చెప్తాను. దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

డేటా సంగతి చూడండి. గ్రాఫిక్స్ చిప్ పోయినంత మాత్రాన ఎస్‌ఎస్‌డీలో ఉన్న ఫొటోలకు ఏమీ కాదు. కానీ ఫైలు సేవ్ అవుతుండగా రీస్టార్ట్ అయితే ఆ పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) పాడైపోవచ్చు. అందుకే ఇవాళే, స్క్రీన్ ఇంకా కనిపిస్తుండగానే, పనులన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఆన్‌లో ఉందేమో చూడండి. డిస్కులో ఉన్నవాటికి విండోస్ వేసే తాళం అది, బిట్‌లాకర్ అంటారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో అది దానంతటదే ఆన్ అయి ఉంటుంది, చాలామందికి ఆ విషయమే తెలియదు. అది ఆన్‌లో ఉండగా బోర్డు మార్చినా, ఎస్‌ఎస్‌డీని తీసి వేరే ల్యాప్‌టాప్‌కు పెట్టినా, 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మీ ఫొటోలు మీకే తెరుచుకోవు, ఏ టెక్నీషియనూ తెరవలేడు. ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిచి, డివైసెస్‌లో కీ చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. బోర్డు బాగైపోయి కూడా, పాత అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తురాక కుటుంబం ఫొటోలన్నీ పోగొట్టుకున్నవాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. ఆ కష్టం ఎవరికీ రాకూడదు.

ఇంకొకటి. ల్యాప్‌టాప్ ఏ షాపులో ఇచ్చినా ఎస్‌ఎస్‌డీ తీసి ఇవ్వండి. ఒక్క చిన్న స్క్రూతో ఊడి వస్తుంది, మీ కళ్ల ముందే తీయించి ఇంటికి తెచ్చుకోవచ్చు. చిప్ పని చేసేవాళ్లకు మీ డిస్కుతో పని లేదు, టెస్ట్ చేయడానికి వాళ్ల దగ్గర వేరే ఉంటుంది. అందులో ఉన్న పెళ్లి ఫొటోలు మిమ్మల్ని నమ్మి ఇచ్చిన ఇళ్లవి, వాటి బాధ్యత మీది.

ఇక అసలు పరీక్షలు. ‘గ్రాఫిక్ చిప్ పోయింది’ అన్న మాట షాపుల్లో చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. స్క్రీన్ మీద గీతలు కనిపిస్తే చాలు, ఆ మాట అనేస్తారు. గీతలకు కారణం డిస్‌ప్లే కేబుల్ కావచ్చు, ప్యానెల్ కావచ్చు, ర్యామ్ కావచ్చు, డ్రైవర్ కూడా కావచ్చు. ఏదో తేల్చుకోవడానికి మిషన్లు అక్కర్లేదు, మీరే ఇంట్లో చూసుకోవచ్చు.

గళ్లు వచ్చినప్పుడు స్క్రీన్‌షాట్ తీయండి. దాన్ని వాట్సాప్‌లో ఫోన్‌కు పంపుకుని ఫోన్‌లో చూడండి. ఫోన్‌లో కూడా గళ్లు కనిపిస్తే బొమ్మ తయారయ్యే దగ్గరే తప్పు జరుగుతోందన్న మాట, అంటే గ్రాఫిక్స్, దాని మెమరీ, లేదా డ్రైవర్. ఫోన్‌లో శుభ్రంగా ఉంటే బొమ్మ బాగానే తయారైంది, చాలావరకు స్క్రీన్‌కు చేరే దారిలో తేడా ఉన్నట్టు. తర్వాత స్క్రీన్ మూతను మెల్లగా ముందుకూ వెనక్కీ కదిలించండి. కదిలించినప్పుడల్లా గీతలు మారుతుంటే అది మూత మడిచే కీలు (హింజ్) దగ్గర నలిగిన డిస్‌ప్లే కేబుల్. అది చిన్న ఖర్చుతో పోయే పని. అలాంటిదానికి చిప్ మార్పించుకుని, గీతలు అలాగే ఉండిపోయినవాళ్లను చూశాను.

దీనికంటే బాగా పనికొచ్చే పరీక్ష బయాస్ స్క్రీన్, అంటే విండోస్ మొదలవక ముందే వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే (కంపెనీని బట్టి కీ మారుతుంది) బయాస్ వస్తుంది. అక్కడ ఒక పావుగంట అలాగే ఉంచండి. మీలాంటి రెండు గ్రాఫిక్స్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి స్క్రీన్ వైరు వెళ్లేది ఇంటెల్ గ్రాఫిక్స్‌కే. విడి చిప్ బొమ్మ గీసి ఇంటెల్ చేతికి ఇస్తుంది, ఇంటెల్ దాన్ని స్క్రీన్‌కు పంపుతుంది. అందువల్ల బయాస్‌లోనే గీతలు, గళ్లు వస్తే అనుమానించాల్సింది విడి చిప్‌ను కాదు, ప్యానెల్‌నో, కేబుల్‌నో, ర్యామ్‌నో. ఇంటెల్ గ్రాఫిక్స్ సొంత మెమరీ లేక మీ ర్యామ్‌నే వాడుకుంటుంది, ర్యామ్‌లో లోపం ఉంటే అది స్క్రీన్ మీద రంగుల గళ్లలా కనిపించడం మామూలే. బయాస్ శుభ్రంగా ఉండి, విండోస్‌లో ఫొటోషాప్ తెరిచినప్పుడే గళ్లు వస్తే విడి చిప్ మీద అనుమానం బలపడుతుంది. మీరు రాసింది ఈ రెండో రకంలాగే ఉంది.

దాన్ని ఖాయం చేసుకోవడానికి ఒక దారి ఉంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. ‘డిస్‌ప్లే అడాప్టర్స్’ కింద రెండు పేర్లు కనిపిస్తాయి. ఇంటెల్‌ను ముట్టుకోకండి. రెండోదాని ప్రాపర్టీస్‌లో ‘కోడ్ 43’ అని ఉంటే, ఆ చిప్ తప్పుగా స్పందించిందని విండోస్ దాన్ని ఆపేసినట్టు. డ్రైవర్ తేడా వల్ల కూడా అలా రావొచ్చు కాబట్టి ఆ ఒక్క మాట చూసి తీర్పు చెప్పకండి. నీలం స్క్రీన్ వచ్చినప్పుడు కింద ‘వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్’ అని ఉందేమో కూడా గమనించండి. డ్రైవర్ ఎన్నిసార్లు లేపినా గ్రాఫిక్స్ పలకలేదని దాని అర్థం. ఇప్పుడు ఆ రెండో పేరు మీద రైట్ క్లిక్ చేసి ‘డిసేబుల్ డివైస్’ నొక్కండి. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి రోజంతా మీ పని చేసుకోండి. గళ్లూ రీస్టార్ట్‌లూ పూర్తిగా ఆగిపోతే దోషం ఆ చిప్‌దో దాని డ్రైవర్‌దో. డ్రైవర్ సంగతి తేల్చడానికి మళ్లీ ఎనేబుల్ చేసి, డీడీయూ అనే ఉచిత టూల్‌తో పాత డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్ వేసి చూడండి. అప్పటికీ గళ్లు వస్తే చిప్పో, దాని పక్కనే ఉండే వీడియో మెమరీయో, దానికి కరెంటిచ్చే భాగమో చెడింది.

అలా తేలితే డిసేబుల్ చేసే ఉంచండి. ఆల్బమ్ పనికి అది సరిపోతుందని ఎందుకు అంటున్నానో చెప్తాను. 12×36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీటు 300 డీపీఐలో అంటే 10,800 × 3,600 పిక్సెల్స్. దాని మీద పది ఫొటోలు, మాస్కులు, బ్యాక్‌గ్రౌండ్ లేయర్లు పెడితే బరువు పడేది ముఖ్యంగా ర్యామ్ మీద, ప్రాసెసర్ మీద. గ్రాఫిక్స్ చిప్ తోడ్పడేది జూమ్, స్క్రోల్ నున్నగా కదలడానికి, కొన్ని ఫిల్టర్లకు. వాటిలో చాలావరకు ఇంటెల్ గ్రాఫిక్స్ కూడా చేస్తుంది. ఫొటోషాప్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్‌కు వెళ్తే ‘యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్’ అనే టిక్ ఉంటుంది. అక్కడ ఇంటెల్ పేరు కనిపిస్తుంటే అలాగే ఉంచండి, ఇబ్బంది పెడితే టిక్ తీసేయండి. న్యూరల్ ఫిల్టర్లు నెమ్మదిస్తాయి, మిగతా పని నడుస్తుంది. 8 జీబీ ర్యామ్‌తో ఇంత పని చేస్తున్నారంటే మీరు రోజూ పడే వెయిటింగ్ ఎక్కువ భాగం ర్యామ్ వల్లే. రీబాలింగ్‌కు పెట్టాలనుకున్న పైసల్లో కొంత పెట్టి ఇంకో 8 జీబీ వేయించుకుంటే, చిప్ ఉన్నప్పటికంటే ఇప్పుడే స్పీడుగా అనిపిస్తుంది.

వీడియో ఎడిటింగ్ కూడా చేస్తే కథ కొంచెం మారుతుంది. ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో రెండరర్‌ను ‘సాఫ్ట్‌వేర్ ఓన్లీ’కి మార్చి నడిపించొచ్చు. ఎక్స్‌పోర్ట్‌కు ఇంటెల్ గ్రాఫిక్స్‌లో వీడియో కోసమే ఉండే క్విక్ సింక్ సాయం చేస్తుంది. అయినా 4కే ఫుటేజీ, కలర్ గ్రేడింగ్ ఉన్నప్పుడు బాగా ఓపిక పట్టాలి. అది మీకు రోజూ ఉండే పని అయితే కింద చెప్పే చిప్ మార్పిడి గురించి ఆలోచించొచ్చు.

డిసేబుల్ చేశాక కొన్ని తెలుసుకుని ఉండాలి. కొన్ని మోడళ్లలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా విడి చిప్‌కే కలిపి ఉంటుంది. అలాంటివాటిలో చిప్ ఆపితే బయటి మానిటర్ రాదు. మీరు రెండో మానిటర్ వాడుతుంటే అది ముందే చూసుకోండి. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చాక ఆ చిప్ మళ్లీ ఎనేబుల్ అయిందేమో ఒకసారి చూస్తుండండి. డివైస్ మేనేజర్‌లో ఆపినంత మాత్రాన చిప్‌కు కరెంటు పూర్తిగా ఆగకపోవచ్చు, బ్యాటరీ కాస్త తొందరగా దిగొచ్చు. బయాస్‌లో గ్రాఫిక్స్ ఆప్షన్ ఇచ్చిన మోడల్ అయితే అక్కడే ఇంటిగ్రేటెడ్‌కు మార్చడం ఇంకా మంచిది. విడి చిప్ లోపల షార్ట్ అయితే మాత్రం ఈ ఉపాయాలేవీ పనికిరావు. బోర్డు ఆనే కాదు. మీది ఆన్ అవుతోంది కాబట్టి ఆ స్థితి ఇంకా రాలేదు.

ఇప్పుడు హీట్, రీబాలింగ్ ఎందుకు వద్దన్నానో వివరంగా చెప్తాను. ఇది తెలిస్తే ఏ షాపులో ఏం చెప్పినా మీరే తూకం వేసుకోగలరు.

చిప్ వేడిని లాగేసే హీట్‌సింక్ తీస్తే నడిమధ్యలో అద్దంలా మెరిసే చిన్న సిలికాన్ ముక్క కనిపిస్తుంది. అసలు చిప్ అదే, డై అంటాం. అది పచ్చని చిన్న పలక మీద అతికి ఉంటుంది. డైకీ ఆ పలకకీ మధ్య కంటికి ఆనని సన్నని టంకం చుక్కలు వందలు, వేలు ఉంటాయి, బంప్‌లు అంటాం. వాటి చుట్టూ జిగురు నింపి ఉంటుంది. మళ్లీ ఆ పలకకీ మదర్‌బోర్డుకీ మధ్య ఇంకాస్త పెద్ద టంకం గుండ్లు ఉంటాయి. రీబాలింగ్ అంటే ఈ కింది గుండ్లు తీసి కొత్తవి వేయడం. పై బంప్‌లను షాపులో ఎవరూ ముట్టుకోలేరు.

సిలికాన్ వేడికి సాగేది చాలా తక్కువ, కింది పలక దానికంటే ఎక్కువ సాగుతుంది. మట్టి గోడకు సిమెంటు పూత పూస్తే కొన్ని ఎండలు, కొన్ని వానలు చూశాక పూత గోడను వదిలేస్తుంది చూడండి, ఇక్కడా అదే జరుగుతుంది. ల్యాప్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ చిప్ 70, 80 డిగ్రీలకు పోతుంది, ఆపితే చల్లారుతుంది. ఏళ్ల తరబడి ఆ గుంజులాటలో చిక్కుకున్న బంప్‌లు పగులుతాయి. 2006 జులై నుంచి యూరప్‌లో సీసం లేని టంకం తప్పనిసరి కావడంతో బోర్డు మీది కింది గుండ్లకు ప్రపంచమంతా దాదాపు ఆ టంకానికే మారింది. సీసం కలిసిన పాత టంకం 183 డిగ్రీలకు కరిగితే ఇది 217 దాటితే గానీ కరగదు, పైగా గట్టిది, గుంజితే సాగే గుణం తక్కువ. 2008 జులైలో ఎన్విడియా కంపెనీయే తన ల్యాప్‌టాప్ చిప్‌లు కొన్నింట్లో డై, ప్యాకేజింగ్ మెటీరియల్ బలహీనంగా ఉందని ఒప్పుకుని, 15 నుంచి 20 కోట్ల డాలర్లు దానికోసం పక్కన పెట్టింది. అప్పట్లో మన దగ్గర కూడా ఆ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లు కుప్పలుగా రిపేరుకు వచ్చాయి. హీట్ గన్ వైద్యం బాగా వ్యాపించింది ఆ రోజుల్లోనే.

ఆ పాత చిప్‌లలో పగిలింది ఎక్కువగా పై బంప్‌లే. అవి సీసం ఎక్కువున్న టంకంతో చేసినవి, 300 డిగ్రీలు దాటితే గానీ కరగవు. షాపులో హీట్ చేసేది 200 పైచిలుకు. అంటే బంప్‌లు కరగవు. లోపల జిగురు మెత్తబడి, డై కాస్త కదిలి, పగిలిన ముక్కలు ఒకదానికొకటి తగులుతాయి. స్క్రీన్ వస్తుంది, కస్టమర్ సంతోషంగా ఇంటికి పోతాడు. కొన్ని రోజులకో, కొన్ని వారాలకో మళ్లీ అదే గీత. ఈ లోపు ఆ వేడికి చుట్టుపక్కల ప్లాస్టిక్ కనెక్టర్లు కరిగి, బోర్డు వంగి, అప్పటిదాకా బాగున్న చిప్‌ల కింద కూడా పగుళ్లు పడతాయి. ఆ తర్వాత మా దగ్గరికి వచ్చిన బోర్డుకు నిజమైన రిపేరు చేద్దామన్నా చేయలేం. రీబాలింగ్ చేసినప్పుడు కూడా చిప్ అదే వేడి చూస్తుంది, అందుకే అది కూడా కొన్నాళ్లు పని చేసినట్టే కనిపిస్తుంది. కింది గుండ్లే పగిలిన సందర్భాలు లేకపోలేదు. కింద పడిన ల్యాప్‌టాప్‌లలో, వంగిన బోర్డులలో అలా జరుగుతుంది, అప్పుడు రీబాలింగ్ నిజంగానే మందు. మీరు ల్యాప్‌టాప్ పడిందని ఎక్కడా రాయలేదు.

కాబట్టి డై లోపల పోయిన చిప్‌కు ఒక్కటే రిపేరు ఉంది: కొత్త చిప్ వేయడం. చేయించాలనుకుంటే షాపులో ఇలా మాట్లాడండి.

‘చిప్ కంటే ముందు ఏం చెక్ చేస్తారు’ అని అడగండి. పని తెలిసినాయన మల్టీమీటర్‌తో చిప్ కోర్ కాయిల్స్ దగ్గర, మెమరీ కాయిల్ దగ్గర (చిప్‌కూ మెమరీకీ కరెంటు వెళ్లే చోట్లు) షార్టింగ్ చూస్తానంటాడు. చిప్‌కు కరెంటిచ్చే మాస్‌ఫెట్ పోయినా, చిన్న కెపాసిటర్ షార్ట్ అయినా, అన్నీ చిప్ పోయినట్టే కనిపిస్తాయి. వాటి ఖర్చు చిప్ ఖర్చులో చిన్న వంతు. రంగుల గళ్లు ఒకే వరుసలో క్రమంగా వస్తుంటే వీడియో మెమరీ చిప్‌లలో (ఐసీల్లో) ఒకటి పోయి ఉండొచ్చు. ఏ ఐసీ పోయిందో చూపించే టెస్ట్ సాఫ్ట్‌వేర్ చిప్ లెవల్ వాళ్ల దగ్గర ఉంటుంది. అప్పుడు ఆ ఒక్క ఐసీ మార్చితే సరి. ఇవేవీ చూడకుండా ల్యాప్‌టాప్ ఆన్ చేసి ఒక్క చూపు చూసి ‘చిప్’ అంటే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

‘హీట్ చేస్తారా, రీబాల్ చేస్తారా, చిప్ మారుస్తారా’ అని విడివిడిగా అడిగి, ఏది చేస్తారో బిల్లు మీద రాయించుకోండి. మార్చే చిప్‌ను వేయకముందే ఒకసారి చూపించమనండి, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. దాని మీద అక్షరాల వరుసల్లో నాలుగంకెల డేట్ కోడ్ ఉంటుంది. 1938 అంటే 2019లో 38వ వారం తయారైందని. కొత్త చిప్ అయితే అక్షరాలు స్పష్టంగా, డై మీద గీతల్లేకుండా ఉంటుంది. అంచుల్లో నల్ల జిగురు గీకిన ఆనవాళ్లు ఉంటే అది ఇంకో పాత బోర్డు నుంచి ఊడదీసి, గుండ్లు వేసి, కొత్తదని అమ్ముతున్నది. అలాంటిది వేయించుకుంటే ఆ చిప్ అప్పటికే ఎన్ని ఎండలు చూసిందో ఎవరికీ తెలియదు. చిప్‌లు గాలిలో తేమను కూడా పీల్చుకుంటాయి. ఒక్కసారిగా వేడి పెడితే లోపలి తేమ ఆవిరై చిప్ ఉబ్బి పోతుంది. అందుకే పద్ధతి తెలిసినవాళ్లు ముందు తక్కువ వేడి మీద గంటల తరబడి ఆరబెడతారు. ‘గంటలో ఇస్తా’ అన్న మాట దగ్గరే మీకు విషయం అర్థం కావాలి. పని జరిగే చోట కింద నుంచి బోర్డంతా వేడెక్కించే ప్రీహీటర్ ఉన్న బీజీఏ మిషన్ (ఇలాంటి చిప్‌లు తీసి వేసేది) ఉండాలి. పై నుంచి ఒక్క హీట్ గన్‌తో చేసేచోట బోర్డు వంగుతుంది.

వరంగల్, హన్మకొండ, కరీంనగర్‌లలో ఈ పని బాగా చేసే చేతులు ఉన్నాయి. చిప్ దొరక్కపోతే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోవడం ఈ వృత్తిలో అందరికీ అలవాటే. మీరే అక్కడికి పోయినా పై ప్రశ్నలే అడగండి. ఊరు పెద్దదైనంత మాత్రాన పని మంచిదని అనుకోవద్దు.

ఇక ఖర్చు లెక్క. ఆరేళ్లు దగ్గరపడిన ల్యాప్‌టాప్‌ను బాగున్న స్థితిలో అమ్మితే ఎంత వస్తుందో పాత సామాను సైట్లలో అదే మోడల్ పెట్టి చూడండి. రిపేరు దానిలో మూడో వంతు దాటితే నేను చేయించుకోమని చెప్పను. సర్వీస్ సెంటర్ బోర్డు రేటు ఆ లెక్కలో ఎలాగూ నిలవదు. పాత బోర్డు తెచ్చి వేస్తామనేవాళ్లూ ఉంటారు. దాని మీద ఉండేది అదే వయసున్న అదే రకం చిప్, అందుకని నాకు దాని మీద నమ్మకం లేదు. అయితే సర్వీస్ సెంటర్‌ను ఒక్క మాట అడిగి చూడండి: ‘ఈ మోడల్ సీరియల్ నంబర్‌కు ఎక్స్‌టెండెడ్ రిపేర్ ప్రోగ్రాం ఏదైనా ఉందా?’ అని. 2011 నుంచి 2013 దాకా అమ్మిన కొన్ని మ్యాక్‌బుక్ ప్రోలకు, వారంటీ అయిపోయాక కూడా, గ్రాఫిక్స్ లోపానికి ఉచితంగా రిపేరు చేస్తామని యాపిల్ 2015లో ప్రకటించింది. అడగనివాళ్లకు ఇలాంటివి ఎవరూ పిలిచి చెప్పరు.

షాపువాళ్లు చిప్ మార్చామని బిల్లు ఇచ్చి హీట్ చేసి పంపినా, బోర్డు పాడు చేసి చేతులెత్తేసినా ఊరుకోవద్దు. 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. బిల్లు, చిప్ ఫొటో ఉంటేనే అక్కడ మన మాట నిలుస్తుంది, అందుకే అంత గట్టిగా రాయించుకోమన్నాను.

చిప్ ఆపినా, మార్చినా లోపల ఒకసారి శుభ్రం చేయించాల్సిందే. మన వైపు ల్యాప్‌టాప్‌లు తెరిస్తే ఏ ఊరి నుంచి వచ్చాయో దుమ్ము చూసి చెప్పొచ్చు. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, పరకాల, జమ్మికుంట జిన్నింగు మిల్లుల దగ్గర ఇళ్లలో వాడినవాటిలో ఫ్యాన్‌కూ రాగి రెక్కలకూ మధ్య పత్తి నూగు మందంగా పేరుకుని చాపలా ఊడి వస్తుంది. కరీంనగర్ గ్రానైట్ వైపు నుంచి వచ్చినవాటిలో తెల్లటి మెత్తటి పొడి ఉంటుంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఆ నూగు పోదు, ఇంకా లోపలికి బిగుసుకుంటుంది. ఫ్యాన్ విప్పించి చేత్తో తీయించాలి. అదే చేత్తో చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పాత పేస్టు తుడిచి కొత్తది వేయించండి, మెమరీ ఐసీల మీది థర్మల్ ప్యాడ్‌లు ఎండిపోతే అదే మందంవి వేయించండి. ఏప్రిల్, మేలలో ఇక్కడ బయటే 42, 43 డిగ్రీలు ఉంటుంది. ఆ రోజుల్లో పరుపు మీద పెట్టి రాత్రంతా ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్ పెట్టకండి, గట్టి బల్ల మీద వెనక కొంచెం ఎత్తులో పెట్టండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో (లోపలి వేడి చూపించే టూల్) వేసుకుని చూస్తుంటే, మామూలు డిజైన్ పనిలోనే 90 డిగ్రీలు దాటుతోందంటే శుభ్రం చేయించే సమయం వచ్చినట్టే. పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ మ్యాగ్జిమం స్టేట్‌ను 99 శాతం చేస్తే టర్బో (ప్రాసెసర్ అదనపు వేగం) ఆగి వేడి బాగా తగ్గుతుంది. ఆల్బమ్ పనిలో ఆ తేడా పెద్దగా తెలియదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఇవాళ బ్యాకప్, బిట్‌లాకర్ కీ. రేపు స్క్రీన్‌షాట్ పరీక్ష, బయాస్ పరీక్ష, ఆ తర్వాత డిసేబుల్ చేసి ఒక పూర్తి ఆల్బమ్ పని. ఏం కనిపించిందో రాయండి. ముఖ్యంగా బయాస్ స్క్రీన్ ఫొటో, గళ్లు వచ్చినప్పటి స్క్రీన్‌షాట్, ల్యాప్‌టాప్ కింద ఉండే పూర్తి మోడల్ నంబర్ పంపండి. ఆ మోడల్‌లో హెచ్‌డీఎంఐ దేనికి కలిపారో, ర్యామ్ స్లాటు ఖాళీగా ఉంటుందో లేదో చూసి చెప్తాను.